ప్రియదర్శిని పెట్టెలో బొమ్మ నిజమేనా?

'మాయాబజార్' చూడని తెలుగువాడు ఉన్నాడంటే నేను నమ్మను. 1957లో ఆ చిత్రాన్ని తీసిన కె.వి.రెడ్డిగారు మా సీమ మనిషే, తాడిపత్రిలో పుట్టారు. అందులో ప్రియదర్శిని పెట్టె గుర్తుంది కదా? మూత తీసి చూస్తే, చూసినవాళ్ళ మనసులో ఏముందో అది కనబడుతుంది. శశిరేఖ చూస్తే అభిమన్యుడు! బలరాముడు చూస్తే దుర్యోధనుడు! రేవతీదేవి చూస్తే నగలూ, మణులూ! ఇక కృష్ణుడుగారు చూస్తే... శకుని! హాలు హాలంతా గొల్లుమంటుంది.

నవ్వడం అయిపోయాక ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. ఎక్కడో ఉన్న మనిషిని ఇక్కడ చూపించే ఆ పెట్టె గొప్ప యంత్రమే. కానీ అందులో ఏ బొమ్మ పడాలో తేల్చేది ఎవరు? పెట్టె కాదు, చూసేవాడి మనసు! నగల మీద మోజున్న మనసుకు నగలే కనిపిస్తాయి.

మనలో చాలామంది తలలో ఇలాంటి పెట్టె ఒకటి ఉంది. "ఫోను మోగకముందే నువ్వేనని తెలిసిపోయింది" అంటాడు ఒక మిత్రుడు. "ఈ ప్రశ్న పరీక్షలో వస్తుందని నాకు ముందే తట్టింది" అంటుంది ఇంకో చెల్లెమ్మ. తట్టడం సరే. తట్టింది నిజమో, మనసు అల్లిన కథో, తట్టిన ఆ క్షణంలోనే తెలుసుకునే గుర్తు ఏమైనా ఉందా? ఈ వారం మన ముచ్చట అదే.

దూరదర్శన్ కాదు... దూరదర్శనం!

గదిలో కూర్చుని, ఎక్కడో ఉన్న చోటును మనసుతో చూడడాన్ని అమెరికాలో 'రిమోట్ వ్యూయింగ్' అన్నారు. మన మాటల్లో దూరదర్శనం. ఒకప్పుడు శుక్రవారం చిత్రలహరి వేసిన దూరదర్శన్ కాదండోయ్! హస్తినలో కూర్చుని కురుక్షేత్రాన్ని చూసి చెప్పిన సంజయుడి బాపతు.

1972లో కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో హెరాల్డ్ పుటాఫ్, రస్సెల్ టార్గ్ అనే ఇద్దరు భౌతిక శాస్త్రజ్ఞులు ఈ పని మొదలుపెట్టారు. డబ్బు ఎవరిదనుకున్నారు? గూఢచారి సంస్థ సి.ఐ.ఎ.ది! రష్యావాళ్ళు మనోశక్తులతో ఏదో చేస్తున్నారని అప్పట్లో వాళ్ళకు బెంగ. తర్వాత మేరీలాండ్‌లోని ఫోర్ట్ మీడ్‌లో సైన్యం తన మనుషులనే ఈ పనికి కూర్చోబెట్టింది. పేర్లు మారుతూ మారుతూ చివరికి 'స్టార్‌గేట్' అయింది. దాదాపు 2 కోట్ల డాలర్లు ఖర్చయ్యాక 1995లో తెర దించేశారు.

వీళ్ళలో పాట్ ప్రైస్ అనే ఆయన కథ సినిమాకు తీసిపోదు. ఒకప్పుడు పోలీసు శాఖలో పనిచేసినవాడు. 1974లో సోవియట్ యూనియన్‌లోని సెమిపలాటిన్‌స్క్ దగ్గర ఒక రహస్య స్థావరం ఎక్కడుందో అక్షాంశ రేఖాంశాలు మాత్రం చెప్పి, అక్కడేముందో చూడమన్నారు. ఆయన పట్టాల మీద కదిలే ఒక బ్రహ్మాండమైన క్రేను గీశాడు. ఉపగ్రహం తీసిన ఫోటోల్లో నిజంగానే అలాంటి క్రేను ఉంది!

ఈలలు కాసేపు ఆపండి. ఆయన క్రేను ఒక్కటే చెప్పలేదు. ఇంకా బోలెడు చెప్పాడు. వాటిలో చాలా భాగం తప్పు. ఏ గీత నిజమో, ఏ గీత ఊహో చెప్పగలిగింది ఎవరు? చేతిలో ఫోటో ఉన్నవాళ్ళు! ఫోటో ఉన్నవాడికి ప్రైస్‌తో పనేముంది? ఫోటో లేనివాడికి ప్రైస్ చెప్పినవాటిలో ఏది నమ్మాలో ఎలా తెలుస్తుంది? కథంతా ఈ ముడి దగ్గరే ఉంది.

స్కెచ్ నమ్ము, పోస్టరు నమ్మకు

ఈ ముడి విప్పాలని బాగా ప్రయత్నించినవాడు ఇంగో స్వాన్. న్యూయార్క్ చిత్రకారుడు. ఆయన చెప్పిన సూత్రం వినండి. అసలు కబురు వచ్చేటప్పుడు చిన్నగా, లీలగా, చప్పున వచ్చిపోతుందట. చల్లగా ఉంది, గరుకుగా ఉంది, వంపు తిరిగి ఉంది, ఉప్పు వాసన... అంతే. మరుక్షణం మన బుర్ర ఊరుకోదు. "ఓహో! ఇది వంతెన!" అని పేరు పెట్టేస్తుంది. పేరు పెట్టగానే వంతెనకు స్తంభాలూ, కింద నదీ, నదిలో పడవా అన్నీ మనసే కట్టేస్తుంది. దీనికి స్వాన్ 'అనలిటికల్ ఓవర్‌లే' అని పేరు పెట్టాడు. వచ్చిన బొమ్మ మీద తెలివి పూసిన పూత అన్నమాట. ఇలాంటిది రాగానే కాగితం మీద ఒక పక్కన రాసేసి, కలం కింద పెట్టి, కాసేపు ఆగి మళ్ళీ మొదలుపెట్టమని ఆయన శిష్యులకు నేర్పాడు.

మన భాషలో చెప్పాలంటే, ఆర్టు డైరెక్టరు పెన్సిలు స్కెచ్ నమ్ము, రంగులు పులిమిన వాల్‌పోస్టరు నమ్మకు! ఎంత స్పష్టంగా, ఎంత నిండుగా, ఎంత గట్టిగా కనిపిస్తే అంత అనుమానించు. ఇది వినడానికి తమాషాగా ఉంది కదూ? మనమంతా తలకిందులుగా అనుకుంటాం. "అంత స్పష్టంగా కనిపించింది, అబద్ధం ఎలా అవుతుంది?" అంటాం.

సూత్రం బాగుంది. మరి పని చేసిందా? 1995లో ఈ ఫైళ్ళన్నీ ఇద్దరు పెద్దల ముందు పెట్టారు. గణాంక శాస్త్రం ప్రొఫెసరు జెస్సికా అట్స్, మనస్తత్వ శాస్త్రవేత్త రే హైమన్. కాకతాళీయం అనుకోవడానికి వీల్లేనంత ఏదో ఉందని ఆవిడ అన్నారు. అంతమాత్రాన రుజువైనట్టు కాదని ఆయన అన్నారు. ఆ వాదన ఎలా ఉన్నా, పరిశీలన చివర తేలింది ఒకటే. ఇన్నేళ్ళలో ఈ దూరదర్శనం ఒక్క గూఢచార చర్యకైనా దారి చూపించలేదు. కారణం ఊహించడం కష్టం కాదు. నిజమూ, ఊహా ఒకే గొంతుతో మాట్లాడితే ఏ సేనాపతి దేన్ని నమ్మి అడుగు వేస్తాడు?

కార్డులతో విశాఖ దాకా

ఇదంతా దొరల గొడవ, మనకెందుకు అనుకోకండి. ఈ దారిలో మన తెలుగువాడు చాలా దూరం నడిచాడు. కోనేరు రామకృష్ణారావుగారు అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో జె.బి.రైన్ దగ్గర పనిచేసి వచ్చారు. 1967లో విశాఖపట్నం ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆయన చలవతోనే పారాసైకాలజీకి ఒక శాఖ వెలిసింది. తర్వాత అమెరికాలో రైన్ స్థాపించిన సంస్థకే అధిపతి అయ్యారు. 1980లలో ఆంధ్ర విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్‌గా ఉన్నారు. 2011లో పద్మశ్రీ వచ్చింది. 2021లో కన్నుమూశారు.

రైన్ పద్ధతి పేకాటంత సులువు. వృత్తం, ప్లస్సు గుర్తు, అలల గీతలు, చదరం, నక్షత్రం. ఒక్కో బొమ్మవి 5 చొప్పున 25 కార్డులు. బోర్లించిన కార్డు ఏదో చెప్పాలి. గుడ్డిగా చెప్పినా సగటున 5 తగులుతాయి. కాబట్టి "నాకు 6 తగిలాయి" అని ఎగిరి గంతేస్తే లాభం లేదు.

ఇందులోనే మన ప్రశ్నకు సూటిగా గురిపెట్టిన పరీక్ష ఒకటుంది. చెప్పేవాడు మధ్యలో ఎప్పుడైనా "ఇది మాత్రం ఖాయం" అనిపిస్తే ఆ మాట కూడా ముందే చెప్పాలి. మన దేశం నుంచి రైన్ సంస్థకు వెళ్ళిన పరిశోధకురాలు కాంతామణి, ఎడ్వర్డ్ కెల్లీ కలిసి బిల్ డెల్మోర్ అనే యువకుణ్ణి పేకముక్కలతో ఇలా పరీక్షించారు. "ఖాయం" అన్నవి మిగతావాటికంటే ఎక్కువ నిజమయ్యాయని 1974లో ప్రకటించారు. అంటే మనసులో ఏదో గంట మోగుతుందన్నమాట!

కానీ కథకు ఇంకో రీలుంది. పర్సీ డయాకొనిస్ అని ఒక గణిత శాస్త్రజ్ఞుడు. చిన్నప్పుడు ఇంద్రజాలం చేసినవాడు, పేకముక్కల్లో ఘనుడు. హార్వర్డ్‌లో డెల్మోర్ ఇచ్చిన ప్రదర్శన ఒకటి చూశాడు. అక్కడ కట్టుబాట్లు సరిగా లేవనీ, ఏది గెలుపో ముందే గీత గీయకపోవడంతో ఏది వచ్చినా గెలుపుగా లెక్కపడిందనీ 1978లో 'సైన్స్' పత్రికలో రాశాడు. బాణం వేశాక దాని చుట్టూ వృత్తం గీస్తే ఎవరైనా అర్జునుడే కదా!

"అచ్చం ఇదే! ఇదే చోటు!"

న్యూజిలాండ్‌లో డేవిడ్ మార్క్స్, రిచర్డ్ కామన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు దూరదర్శనం పరీక్షలను మళ్ళీ చేసి చూశారు. ఒకడు గదిలో కూర్చుని, బయట ఎక్కడో ఉన్న చోటు గురించి చెప్పాడు. తర్వాత వాణ్ణి ఆ చోటుకే తీసుకెళ్ళారు. "అచ్చం ఇదే! నేను చెప్పిన చెట్టు ఇదే, గోడ ఇదే!" అని పొంగిపోయాడు. సరే, ఆ కాగితాలను చోట్లతో జతపరచమని వేరే తీర్పరిని పంపారు. ఆయన కూడా ఒక చోట నిలబడి "ఈ కాగితం ఈ చోటుదే, సందేహం లేదు" అన్నాడు. చూస్తే అది మరో చోటుది!

దీనికి కారణం పెద్ద బ్రహ్మరహస్యం కాదు. చెట్టు, గోడ, మెట్లు, నీడ... ఈ నాలుగూ లేని చోటు ఎక్కడుంది? తగిలినవి మన కళ్ళకు పెద్దగా కనిపిస్తాయి, తగలనివి జారిపోతాయి. అందుకే సరిచూసుకునే సమయంలో కలిగే "అచ్చం ఇదే" అనే పులకింత కూడా సాక్ష్యానికి రాదు. ముందు కలిగే నమ్మకమూ మోసగించవచ్చు, తర్వాత కలిగే నమ్మకమూ మోసగించవచ్చు.

సోమందేపల్లెలో పంగల కట్టె

అమెరికాలో ఈ సంగతి తప్పితే డాలర్లు పోయాయి. మా ఊళ్ళో తప్పితే కొంప పోతుంది. మాది సోమందేపల్లె. 2022 దాకా అనంతపురం జిల్లా, ఆ తర్వాత శ్రీ సత్యసాయి జిల్లా. పక్కనే హిందూపురం. మాయాబజార్‌లో కృష్ణుడైన ఎన్.టి.రామారావుగారిని మూడుసార్లు శాసనసభకు పంపిన ఊరు. అన్నీ ఉన్నాయి, వాన తప్ప! ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చిల్లర. కింద అంతా రాయి. నీళ్ళుంటే ఆ రాతి పగుళ్ళలోనే ఉండాలి. ఒకరి చేలో నీళ్ళు పడతాయి, గట్టు దాటితే దుమ్ము లేస్తుంది. బోరు బండి వందల అడుగులు దిగేకొద్దీ రైతు అప్పు కూడా దిగుతుంది.

అందుకే ఇక్కడ బోరు వేసేముందు నీళ్ళు చూసేవాణ్ణి పిలుస్తారు. అరచేతిలో టెంకాయ నిలబెట్టేవాళ్ళు కొందరు, పంగల కట్టె పట్టేవాళ్ళు కొందరు. కంటికి కనిపించని దాన్ని మనసుతో చూడడమే కదా ఇదీ! అలాంటి పెద్దాయన ఒకాయనతో మొన్న చేనుగట్టు మీద కూర్చుని మాట్లాడాను.

"మామా, ఈడ నీళ్ళుండాయని నీకెట్ల తెలుస్తాది?"

"అరికాళ్ళలో జివ్వుమంటాది అల్లుడా. కట్టె దానంతట అదే కిందికి లాగుతాది. నేను తిప్పేదేముండాది?"

"కట్టె లాగినా దుమ్ము లేసిన బోర్లు ఎన్నుండాయి?"

ఆయన బీడీ ఆర్పి నవ్వాడు. "ఆ లెక్క నాకాడ యాడుండాది? నీళ్ళు పడినోళ్ళు టెంకాయ తీస్కోనొచ్చి చెప్పిపోతారు. పడనోళ్ళు ఈ దావనే రారు."

పాఠకులారా, ఇంత పొట్టి మాటలో ఇంత నిజం నేను పుస్తకాల్లో కూడా చూడలేదు! ఆయన మోసగాడు కాదు. కట్టె లాగడం ఆయనకు నిజంగానే తెలుస్తుంది. మనసులో అనుకున్నదానికి కండరాలు మనకు తెలియకుండానే సన్నగా కదులుతాయని 1852లోనే విలియం కార్పెంటర్ అనే ఇంగ్లీషు వైద్యుడు చెప్పి, దానికి 'ఐడియోమోటార్' అని పేరు పెట్టాడు. కట్టె తిప్పేది ఆ కదలికే. పల్లం, చెట్టు, పుట్ట చూసి నీళ్ళు ఊహించడం పాత విద్య. వరాహమిహిరుడు బృహత్సంహితలో దకార్గళం పేరుతో ఒక అధ్యాయమే రాశాడు. ముప్పై ఏళ్ళు ఈ చేలల్లో తిరిగినవాడి కన్ను అవన్నీ చూసే ఉంటుంది. కానీ గెలిచిన టెంకాయలే ఇంటికొస్తుంటే, ఓడిన బోర్లు రాకపోతుంటే, ఏ జివ్వు నీళ్ళదో ఏ జివ్వు వట్టిదో ఆయన ఎట్లా నేర్చుకుంటాడు?

1990లో జర్మనీలోని కాసెల్ ఊళ్ళో 30 మంది నీళ్ళు చూసేవాళ్ళకు పరీక్ష పెట్టారు. నేలలో 50 సెంటీమీటర్ల లోతున గొట్టం పూడ్చి, అందులో నీళ్ళు పారుతున్నాయో లేదో చెప్పమన్నారు. పరీక్ష న్యాయమైనదేననీ, తాము నూటికి నూరూ చెబుతామనీ ముందే అందరూ సంతకాలు పెట్టారు. ఫలితం? బొమ్మా బొరుసూ వేసి చెప్పినట్టే వచ్చింది. సంతకం పెట్టిన 30 మందిలోనూ నమ్మకానికి లోటు లేదు. లోటు ఇంకెక్కడో ఉంది.

నమ్మకం ఒకరిది, శిక్ష ఇంకొకరిది

బోరులో పోయేది డబ్బు. అంజనంలో పోయేది పరువు. మన పల్లెల్లో నగ పోతే అంజనం వేయించడం తరతరాల అలవాటు. తమలపాకు మీదనో, బొటనవేలి గోరు మీదనో నల్లటి కాటుక పూసి, చిన్నపిల్లాణ్ణి తేరిపార చూడమంటారు. నిగనిగలాడే నలుపులోకి అంతసేపు చూస్తే నీడలు కదలడం వింత కాదు. "ఎవరో కనిపిస్తున్నారా? ఆడమనిషేనా? మనింటికి వచ్చిపోయే మనిషేనా?" అని పెద్దలు అడుగుతూ పోతారు. ప్రతి ప్రశ్నా నీడకు ఒక చీర కడుతుంది. స్వాన్ చెప్పిన పూత ఇదే, కాకపోతే పూసేది పిల్లాడి బుర్ర కాదు, చుట్టూ కూర్చున్నవాళ్ళు. ఇంట్లోవాళ్ళకు ఎవరి మీద అనుమానమో ఆ మనిషే కాటుకలో తేలుతుంది. ప్రియదర్శిని అంటే అదే మరి!

పిల్లాడు అబద్ధమాడలేదు. వాడికి కనిపించే ఉంటుంది. కానీ అంట్లు తోమే మనిషి ఆ రోజు నుంచి ఊళ్ళో దొంగ. నగ బీరువా వెనక దొరికినా, పోయిన పేరు తిరిగి రాదు. అందుకే "నాకు గట్టిగా అనిపించింది" అనే మాట మీద ఇంకొకరి బతుకు నిలబెట్టకూడదు.

మీ పెట్టెను మీరే పరీక్షించుకోండి

మీకూ ఏదో తడుతుందా? వద్దనను, ఎగతాళి చెయ్యను. ఖర్చులేని పరీక్ష చెబుతాను, చేసి చూడండి.

ఒక స్నేహితుడు నాలుగు ఫోటోలు తీసుకోవాలి. రైలు, గాలిగోపురం, చెరువు, జాతర జనం... ఒకదానికొకటి పోలికే ఉండకూడదు. చీటీ తీసి ఒక దాన్ని ఎంచుకుని, పక్క గదిలో తలుపు మూసుకుని దాన్నే చూస్తూ కూర్చోవాలి. మీకు తట్టింది కాగితం మీద గీయండి, రాయండి. పేర్లు కాదు, గరుకో నునుపో, పొడవో గుండ్రమో రాయండి. "ఖాయం" అనిపిస్తే మూలన ఒక చుక్క పెట్టండి. అప్పుడు ఏ ఫోటో ఎంచుకున్నారో తెలియని మూడో మనిషి నాలుగు ఫోటోల నకళ్ళూ మీ ముందు పరిస్తే, మీరు ఒకటి చూపాలి. ఫోటో తెలిసినవాడు గదిలో ఉండకూడదు. వాడి కనుబొమ్మ చాలు, గుట్టు విప్పడానికి!

ప్రతిసారీ కొత్త ఫోటోలతో ఇలా 20 సార్లు చెయ్యండి. ఏ శక్తీ లేకపోయినా సగటున 5 తగులుతాయి. 9గానీ అంతకు మించిగానీ వట్టి అదృష్టంతో తగలడం నూటికి నాలుగు సార్లే జరుగుతుంది. అప్పుడు ఇంకో 20 చేసి చూడండి, మళ్ళీ వస్తుందేమో! అసలు లెక్క మాత్రం చుక్కలది. చుక్క పెట్టినవాటిలో ఎన్ని తగిలాయి, పెట్టనివాటిలో ఎన్ని తగిలాయి? రెండూ ఒకే తీరుగా ఉంటే మీ "ఖాయం" అనే మాటకు విలువ ఎంతో మీకే తెలిసిపోతుంది. ఒక్క కాగితం కూడా చింపకండి, ముఖ్యంగా తప్పినవి!

ఫోటోలు దొరక్కపోతే శుక్రవారం ఉండనే ఉంది. "ట్రైలరు చూడగానే చెప్పేశా, ఈ పిక్చరు వంద రోజులు" అనేవాళ్ళు ప్రతి టీ బంకు దగ్గరా ఉంటారు. పోయిన పిక్చరుకు ఏమన్నారో మాత్రం వాళ్ళకు గుర్తుండదు. విడుదలకు ముందే ఒక కార్డు మీద హిట్టో ఫట్టో రాసి మీ చిరునామాకే మీరు పోస్టు చేసుకోండి. తపాలా ముద్ర మీద తేదీ ఉంటుంది, తర్వాత మాట మార్చడానికి వీల్లేదు! ఏడాది గడిచాక అన్నీ ఒకసారి పరుచుకుని లెక్క చూడండి. మనసులో మోగే గంటకు విలువ కట్టేది ఈ లెక్కే.

లెక్క తేలాక నాకు ఉత్తరం రాయండి. నీళ్ళు పడినవాళ్ళే కాదు, దుమ్ము లేచినవాళ్ళూ రాయాలి సుమా! మీరంతా ఈ దావనే రావాలి.